గోటి మీద ఫైసలా

శుక్రవారం వచ్చిందంటే మా ఇంట్లో పొయ్యి త్వరగా ఆరిపోతుంది. భక్తి అనుకునేరు, కాదు. ఆ రోజు ఓటీటీలో కొత్తవి వస్తాయి. పాతబస్తీ గౌలిపురలో మా గల్లీ చివరి ఇల్లు మాది. కింద మేము, పైన తమ్ముడూ మరదలూ, మేడ మీద గదిలో అద్దెకు ఎవరో ఒకరు. గోడకు గోడ ఆనుకుని మా మేనత్త ఇల్లు. పెద్ద టీవీ మా ఇంట్లో ఉంది కాబట్టి అందరూ చేరేది మా దగ్గరే. నేను పొద్దంతా కరెంటాఫీసులో బిల్లు ఎక్కువొచ్చిందని మీదికొచ్చే వాళ్లతో కొట్లాడి, సాయంత్రం ఇంటికొచ్చి కథ బాగాలేదని ఇంట్లో వాళ్లతో కొట్లాడేదాన్ని. నా నోటికి ఎక్కడా సెలవు లేదు.

ఎదురుచూపు సోమవారం నుంచే మొదలయ్యేది. ట్రైలర్ ముందుగా తమ్ముడి కంట పడేది. వాడికి నయాపూల్‌లో కోర్టుకు ఎదురుగా టైపింగ్ దుకాణం ఉంది. అఫిడవిట్లు కొట్టే చేత్తోనే ట్రైలర్ మా అందరికీ పంపేవాడు. నేను ఆఫీసులో ఫైలు అడ్డం పెట్టుకుని చూసేదాన్ని. మరదలు కుక్కర్ కూతల మధ్య చూసేది. మా ఆయన గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి, నన్ను చేసుకుని, ఇక్కడే ఇరుక్కుపోయిన మనిషి. ఆయన చూడకుండానే పెదవి విరిచేవాడు. ట్రైలర్‌లో ఉన్నదే సరుకు, మిగతాదంతా సంచీలో గడ్డి అనేవాడు.

అత్తకు చదువు రాదు, ఫోన్ తిప్పడం అంతకన్నా రాదు. పాలు పితికి వచ్చి అరుగు మీద కూర్చున్నప్పుడు ఎవరో ఒకరం ఆమె ముందు ఫోన్ పట్టుకుని చూపించాలి. కొన్నింటికి "పైన పటారం, లోన లొటారం" అని చెయ్యి విదిలించేది. కొన్నింటికి మాత్రం కళ్లు చిన్నవి చేసి, "దీంట్ల ఏదో ఉన్నది, చూద్దం" అనేది. ఆమె చూద్దాం అన్నదంటే ఇక ఆ వారం మాకు కాళ్లు నిలిచేవి కావు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, రాని కథకు ముగింపులు కూడా మేమే చెప్పేసుకునేవాళ్లం.

ఆమె మాటకు అంత విలువ ఎందుకంటే చెప్తాను. వాళ్లది పాల కుటుంబం. మామ పోయాక కూడా రెండు బర్రెలను వదలకుండా, జహనుమా దాకా ఇళ్లకు తనే పాలు పోసింది. పాలు చిక్కనివా, నీళ్లు కలిసినవా అని చూడటానికి ఆమెకు ఏ మిషనూ అక్కర్లేదు. బొటనవేలి గోటి మీద ఒక చుక్క వేసుకుని వేలు వాల్చేది. చుక్క నిలిస్తే మంచి పాలు, జారితే నీళ్ల పాలు. సినిమాకు కూడా అదే పద్ధతి పెట్టింది. చూడటం అయిపోయి చాయ్ తాగాక, ఒక్కొక్కరం బొటనవేలు పైకెత్తి నిలిచిందో జారిందో చెప్పాలి, ఎందుకో కూడా చెప్పాలి. కోర్టు దగ్గర కూర్చునే తమ్ముడు దానికి ఫైసలా అని పేరు పెట్టాడు. అదే ఖాయమైపోయింది.

ఫైసలాకు షరతులు ఉండేవి. బటన్ నొక్కాక ఎవరూ నోరు విప్పకూడదు. పెద్దవాళ్ల మాట విని చిన్నవాళ్లు తల ఊపకుండా, వయసులో అందరికన్నా చిన్నవాళ్లు ముందు చెప్పాలి, అత్త ఆఖరున చెప్తుంది. మధ్యలో కునుకు తీసినవాళ్లకూ, లేచి ఫోన్ మాట్లాడి వచ్చినవాళ్లకూ తీర్పు చెప్పే హక్కు లేదు. వాళ్ల వంతు వచ్చినప్పుడు బొటనవేలును పిడికిట్లో మడుచుకుని కూర్చోవాలి. మా ఆయన చాలా శుక్రవారాలు పిడికిలితోనే గడిపాడు. గోటి మీద చుక్క పడకముందే నీళ్ల పాలని ఎట్ల అంటవు అల్లుడా అని అత్త ఆయన్ని ఆటపట్టించేది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మేం అన్నీ హిందీలోనే చూసేవాళ్లం. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకు ఉర్దూ పరాయిది కాదు. బేరం ఒక భాషలో, తిట్టు ఒక భాషలో, ముద్దు ఏది ముందు నోటికొస్తే ఆ భాషలో. అత్త పాలు పోసే ఇళ్లల్లో సగం ఉర్దూ మాట్లాడేవి, సగం తెలుగు మాట్లాడేవి. గడప మారగానే ఆమె భాష మారేది, మారిందన్న సంగతి ఆమెకే తెలిసేది కాదు. అలాంటి మాకు డబ్బింగ్ తెలుగు పంటి కింద రాయిలా ఉండేది. బొంబాయి రౌడీ పొడిచే ముందు పంతులుగారిలా మాట్లాడితే ఎవరికి సహిస్తుంది? ఒకసారి ఏదో సిరీస్ తెలుగులో మొదలైతే అత్త కాసేపు విని, నోట్లో పత్తి పెట్టుకుని మాట్లాడుతున్నారా వీళ్లు అని కోప్పడి హిందీ పెట్టించింది. తమ్ముడు ఆ రోజే హిందీకి మార్చేశాడు. అప్పట్నుంచీ ఏది వేసినా హిందీలోనే మొదలయ్యేది. తెలుగువాళ్ల ఇంట్లో తెలుగు పెట్టుకోవడానికి కూడా అర్జీ పెట్టుకోవాలా అని మా ఆయన గొణిగేవాడు. ఆ అర్జీ ప్రతిసారీ కొట్టివేతే.

ఇలా ఉండగా, మేడ మీద గదిలోకి ఒక అమ్మాయి అద్దెకు వచ్చింది. ఆమెదీ కోస్తానే. డబ్బింగ్ స్టూడియోలో పనిచేసేది. ఒక రోజు పొద్దున, పాలల్లో నీళ్లు కలిపావని ఒక ఆసామి అత్తను నిలదీశాడు. నిలదీసినవాడి పేరు చరిత్రలో ఉండదు గానీ, అత్త అతనికి చెప్పిన జవాబు మా గల్లీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది మెట్ల మీంచి విన్న ఆ అమ్మాయి కిందికి దిగి వచ్చి అత్త చెయ్యి పట్టుకుంది. పాతబస్తీ కథతో ఒక సిరీస్ వస్తోందట. అందులో బర్రెలు కాసే ఒక ముసలామె ఉందట. ఎవరితో చెప్పించినా ఆ గొంతు అతకడం లేదట. అత్త వస్తుందా అని అడిగింది.

అత్త వెళ్లింది. ఇస్త్రీ చీర కట్టుకుని, బర్రెలను మరదలికి అప్పగించి, ఆ అమ్మాయి వెంట ఆటో ఎక్కింది. తిరిగి వచ్చాక చాలా రోజులు ఆమెకు అదే ముచ్చట. చీకటి గదిలో నిలబెట్టారని, చెవులకు డొప్పలు తగిలించారని, ఆ అమ్మాయి మాటలు చెవిలో చదువుతుంటే తెర మీద ముసలామె పెదవులు చూస్తూ చెప్పాలని చెప్పింది. ఆమె నోరు మూసేలోపు తన మాట అయిపోవాలి, లేకపోతే మళ్లీ మొదటి నుంచి. కాగితం మీద రాసినవాడికి మన మాటే రాదని తిట్టింది కూడా. బొంబాయి వాళ్లకు మన దక్నీ ఉర్దూ ఏం తెలుసులే అనుకుని మేం నవ్వాం. ఏ భాషకు చెప్పావని ఎవరమూ అడగలేదు. మా గల్లీలో ఎవరైనా మాట్లాడారంటే ఏ భాషలో అని అడిగే అలవాటే లేదు.

ముచ్చట చివర్న ఒక పందెం పెట్టింది.

"అండ్ల ఒక్క మాట నాది. కాగితం మీద లేకుండె. నేనే అన్న, వాళ్లు ఉంచిన్రు. అది ఏదో మీరే పట్టుకోవాలె."

చెప్పమని ఎంత బతిమాలినా చెప్పలేదు. ఇన్నాళ్లూ ఊరందరి కథలకూ వంకలు పెట్టిన మనిషి, మొదటిసారి తన చుక్క మా గోళ్ల మీద వేసింది. నిలుస్తుందా జారుతుందా అన్నది ఆమెకు ఎంత ముఖ్యమో ముఖం చూస్తేనే తెలిసిపోయేది.

ఆ సిరీస్ వస్తుందన్నారు, ఆగిందన్నారు, మళ్లీ వస్తుందన్నారు. అత్త పట్టించుకోనట్టే ఉండేది గానీ, తమ్ముడు నయాపూల్ నుంచి రాగానే పాల గిన్నె వంకతో వచ్చి, కొత్తవి ఏమొస్తున్నాయి అని అడిగేది. ట్రైలర్ వచ్చింది. అందులో ముసలామె కనిపించింది గానీ మాట లేదు. ఈలోపు అద్దె అమ్మాయి స్టూడియోకి దగ్గరగా ఉంటుందని గది ఖాళీ చేసి వెళ్లిపోయింది. నేను జీవితంలో ఎన్ని సిరీస్‌ల కోసం ఎదురుచూశానో లెక్కలేదు గానీ, అంతగా ఎదురుచూసింది అదొక్కటే.

ఆ శుక్రవారం అత్త అందరికన్నా ముందొచ్చింది. అదే ఇస్త్రీ చీర. మా ఆయన ఆఫీసు పని మీద క్యాంపుకు వెళ్లాడు. ఆయన లేని లోటు మాకేమీ తెలియలేదు, ఆ మాట ఆయనతో ఇప్పటికీ అనను. తమ్ముడు బటన్ నొక్కాడు. అలవాటు ప్రకారం హిందీలో మొదలైంది. మాకు అది హిందీ అని కూడా అనిపించలేదు, సినిమా మొదలైంది అనిపించింది, అంతే.

ముసలామె రెండో భాగంలో వచ్చింది. మరదలు నా మోచెయ్యి గిల్లింది. ముసలామె దక్నీలో కొడుకును తిట్టింది, బర్రెతో మాట్లాడింది, కోర్టు మెట్ల మీద కూలబడి ఏడ్చింది. గొంతులో అదే గరుకు, అదే యాస. మాకు ఒళ్లు పులకరించింది. అత్త వైపు చూస్తే, ఆమె తెర చూడటం లేదు, మమ్మల్ని చూస్తోంది. తన పని ఎలా ఉందో మా ముఖాల్లో చూసుకుంటోంది అనుకున్నాను. అది అయిపోయేదాకా ఆమె నోరు విప్పలేదు. విప్పకూడదన్న షరతు పెట్టింది ఆమే కదా.

చాయ్ తాగాం. అందరికన్నా చిన్నది మరదలు. కళ్లు తుడుచుకుంటూ వేలెత్తి, నిలిచింది అత్తమ్మా అంది. తమ్ముడు నిలిచిందని ఊరుకోలేదు, ఆ ఒక్క మాట పట్టేశానన్నాడు. కోర్టు మెట్ల మీద ముసలామె జడ్జి గురించి అన్న మాటే నీది, అలాంటి మాట నువ్వు తప్ప ఎవరంటారు అన్నాడు. అత్త అవునూ అనలేదు, కాదూ అనలేదు. తర్వాత నా వంతు వచ్చింది. నేను ఆమె చేతి కింద తయారైన దాన్ని, మొహమాటానికి వేలెత్తితే ఆమెకే అవమానం అనుకున్నాను.

"అత్తా, ఏమనుకోకు. ఆ గొంతు నీ లెక్క లేదు."

అత్త చటుక్కున తలెత్తింది. ఆ ముఖం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. తప్పిపోయిన పిల్లను ఎవరో పేరు పెట్టి పిలిస్తే ఎలా చూస్తుందో అలా చూసింది. ఇంకొక్క క్షణం, ఒక్క క్షణం ఆలోచించి ఉంటే చాలు. నేను ఆలోచించలేదు, నా ధోరణిలో నేను పోయాను.

"నువ్వు గట్ల ఏడ్వవ్. మస్తు యాక్టింగ్ చేసినవ్. జారింది."

మరదలు నా మీదికి లేచింది. తమ్ముడు వదినెమరదళ్ల లొల్లి మొదలైందని చెవులు మూసుకున్నాడు. అత్త నన్ను కాసేపు చూసి, నవ్వింది. ఆఖరి వంతు ఆమెది. బొటనవేలు పిడికిట్లో మడుచుకుంది. తను విననిదానికి ఫైసలా ఎలా చెప్తానంది. తన పనికి తనే తీర్పు చెప్పుకోలేక సరసమాడుతోందనుకుని మేం నవ్వాం.

ఆదివారం మా ఆయన క్యాంపు నుంచి వచ్చాడు. చొక్కా విప్పుతూ, ఎలా ఉంది మీ అత్తయ్యగారి గొంతు, తెలుగులోనే పెట్టుకున్నారు కదా అన్నాడు. తెలుగు ఏంటి అన్నాను. ఆవిడ చెప్పింది తెలుగు డబ్బింగ్‌కి కదా, ఆ అమ్మాయి మెట్ల మీద నాతో అన్నది అన్నాడు.

  మేం ఏడ్చింది ఎవరో బొంబాయి నటి గొంతు విని. తమ్ముడు పట్టేసింది ఎవరో రాసిన మాట. నేను జార్చేసింది మా అత్త అసలు ఏడవనే ఏడవని ఏడుపు. డబ్బింగ్ తెలుగు వినలేమని మేం హిందీ పెట్టుకుంటే, ఆ పత్తి తియ్యడానికే పోయిన మనిషి మా మధ్యే కూర్చుని మా ముఖాలు చూసింది.

మా ఆయన రిమోట్ తీసుకుని, అయితే ఇప్పుడు పెడతాను అన్నాడు. నేనే వద్దన్నాను. అత్త లేకుండా, అందరం లేకుండా దొంగచాటుగా వినడమేంటి, వచ్చే శుక్రవారం అందరం కూర్చుని పద్ధతిగా విందాం అన్నాను. మర్యాద చేస్తున్నాననుకున్నాను. ఆయన రిమోట్ కింద పెట్టేశాడు. ఆ పూట ఆయన నా మాట వినకపోయి ఉంటే బాగుండేదని నేను తలుచుకోని రోజు లేదు.

సాయంత్రం అత్త దగ్గరికి వెళ్లాను. బర్రె కింద కూర్చుని ఉంది.

"అత్తా, మేం హిందీల చూసినం."

"నాకెర్కే."

"మరి చెప్పొద్దా?"

పాలధార ఆగలేదు. 

"చెప్పుడు ఎంతసేపు. మీల ఒక్కలన్న ఇది మా అత్త కాదు అంటరేమొ అని చూసిన. నువ్వు సగం దాంక వచ్చినవ్ బిడ్డా."

తిట్టి ఉంటే నేనూ రెండు మాటలని తేలికపడేదాన్ని. తిట్టలేదు. పోనీ ఆ మాట ఏదో ఇప్పుడు చెప్పమన్నాను. చెప్తే ఏముంది, వినాలి గానీ అంది. శుక్రవారం తప్పకుండా విందాం అన్నాను. ఎక్కడికి పోతుంది, అందులోనే ఉంటుంది కదా అని కూడా నేనే అన్నాను. అత్త తల ఊపింది.

ఆ శుక్రవారం మేం ఏడాదిగా ఎదురుచూస్తున్న సిరీస్‌కు రెండో సీజన్ వచ్చింది. అది చూడాల్సిందేనని అత్త కూడా అంది. మరుసటి శుక్రవారానికి బోనాలు దగ్గరపడ్డాయి, ఇంటినిండా చుట్టాలు. ఆ తర్వాత మా ఆయన మళ్లీ క్యాంపు. ఈసారి ఆయన లేకుండా వద్దని మేమే ఆగాం. ఆ తర్వాత ఇంకేదో కొత్తది. కొత్తది వచ్చిన రోజే చూడాలి. లేకపోతే సోమవారానికల్లా ఆఫీసులో ఎవరో ఒకరు ముగింపు చెప్పేస్తారు. పాతదానికి ఆ తొందర లేదు. మా దగ్గర ఉన్నది మా దగ్గరే ఉంటుందన్న ధీమాతో మేం ప్రతి శుక్రవారం ఎవరెవరివో గొంతులు విన్నాం, ఫైసలాలు చెప్పాం. చెత్త అని తేలిన వాటిని కూడా చివరిదాకా చూశాం. అత్త వచ్చేది, వేలు ఎత్తేది, మళ్లీ ఎప్పుడు అని ఒక్కసారి కూడా అడగలేదు. అడగదు. అడిగి చెప్పించుకునే ఫైసలా ఆమెకు పనికిరాదు.

వానల్లో బొంగురుపోయిన ఆమె గొంతు, వానాకాలం పోయినా బాగుపడలేదు. జలుబన్నాం. మిరియాల కషాయం కాచాం. జర్దా పాన్ మానమని నేను లొల్లి చేశాను. పాలు పోసేటప్పుడు ఆమె పిలుపు పక్క గల్లీకి వినపడటం లేదని జహనుమాలో ఒక ముసలాయన అన్నాకే మాకు భయం పట్టుకుంది. డాక్టర్లు చూశారు. గొంతులో పుండు ముదిరింది, గొంతుపెట్టె తీసేస్తే ప్రాణం నిలుస్తుందన్నారు. ప్రాణమా గొంతా అంటే మేం ఆలోచించాల్సింది ఏముంది? ఆలోచించాల్సింది ఆమెకు ఉండొచ్చు. మేం అడగలేదు.

ఆపరేషన్‌కు ముందు రోజు ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చున్నాను. గుసగుసలాంటి గొంతు ఇంకా మిగిలే ఉంది. ఆ మాట ఏదో అడుగుదామని నాలుక చివరిదాకా వచ్చింది. ఇప్పుడు అడిగితే చివరి మాట అడిగినట్టు ఉంటుందని మింగేశాను. బర్రెలకు దాణా ఎవరు పెడుతున్నారని ఆమె అడిగింది. మరదలు పెడుతోందన్నాను. ఆమె గొంతుతో నాతో మాట్లాడిన ఆఖరి ముచ్చట అది, దాణా ముచ్చట.

ఇంటికొచ్చాక, ఊపిరి కోసం మెడకు పెట్టిన రంధ్రం కనపడకుండా పల్చటి గుడ్డ కట్టుకుని తిరిగేది. కోలుకున్నాక శుక్రవారాలకు మళ్లీ రావడం మొదలుపెట్టింది. వేలెత్తితే చాలు కదా, ఫైసలాకు గొంతు అక్కర్లేదు కదా అని మేం సంబరపడ్డాం, బుద్ధి లేకుండా. ఆ సిరీస్ మాట మాత్రం ఎవరమూ ఎత్తలేదు. పోయిన గొంతును ఆమె ముందు పెట్టి వినిపించడానికి మనసు ఎలా ఒప్పుతుంది? ఆమె బాధపడుతుందని మాకు మేమే తేల్చేసుకున్నాం. అదీ విననిదానికి చెప్పిన ఫైసలానే.

ఒక శుక్రవారం అత్త అందరికన్నా ముందొచ్చింది. ఒంటి మీద ఆ ఇస్త్రీ చీరే. నా ముందు నిలబడి మెడ మీది గుడ్డను వేలితో తాకింది. తర్వాత టీవీ వైపు చూపింది. తర్వాత తన చెవిని పట్టుకుంది. అర్థం కాకపోవడానికి అందులో ఏమీ లేదు. ఆమెకు తన గొంతు వినాలని ఉంది.

నేను తమ్ముణ్ని కేకేశాను. మరదలు పరిగెత్తుకొచ్చింది. మా ఆయన ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు, ఎట్టకేలకు తన అర్జీ మంజూరైందని నవ్వబోయి, నా ముఖం చూసి ఊరుకున్నాడు. తమ్ముడు పేరు కొట్టాడు. రాలేదు. స్పెల్లింగ్ మార్చి కొట్టాడు. దానిలాంటివి అని ఏవేవో బొమ్మలు వరసగా వచ్చాయి గానీ అది రాలేదు. చూసినవాటిలో వెతికాడు. అక్కడ పేరు ఉంది. నొక్కితే, ఈ ప్రోగ్రామ్ ఇప్పుడు అందుబాటులో లేదు అని వచ్చింది.

మా ఆయన తన ఫోన్‌లో, ఇంకా ఎక్కడెక్కడో వెతికాడు. హక్కుల గడువు అయిపోయి ఉంటుంది, తీసేశారు అన్నాడు మెల్లగా. అలా తీసేస్తారని మాకు తెలియక కాదు. ఎన్ని పోలేదు? చెత్త పోయింది, పీడా పోయింది అని నవ్వుకున్నవాళ్లమే. పాత అద్దె అమ్మాయికి ఫోన్ చేశాను. అయ్యో ఆంటీ అని ఏడ్చింది పాపం. స్టూడియోలో గానీ తన దగ్గర గానీ ఆ రికార్డింగ్ ఏమీ లేదంది. కనీసం ఆమె కలిపిన మాట ఏదో గుర్తుందా అంటే, ఆవిడ సగం లైన్లు తనకు నచ్చినట్టు తిప్పి చెప్పారండి, ఏదని చెప్పను అంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, మాకు ఆకులు కూడా దొరకలేదు.

అత్త గొంతు బొత్తిగా లేకుండా పోలేదు, అది కూడా చెప్పాలి. మరదలి ఫోన్‌లో ఆమె వాయిస్ మెసేజీలు కొన్ని ఉన్నాయి. గిన్నె ఇంకా ఎందుకు పంపలేదని ఒకటి, పాలు పొంగిపోతున్నయ్ ఏడ సచ్చిన్రు అని ఒకటి. అన్నీ అరుపులే. అప్పుడప్పుడూ మరదలు వంటింట్లో తలుపు వేసుకుని అవి వింటుంది. నేను వినను. నేను వినాల్సింది అవి కావు.

ఆ రోజు మా హడావుడి అంతా చూసి అత్త చెయ్యెత్తి ఆగమంది. అందరినీ కూర్చోమని సైగ చేసింది. తమ్ముడి చేతిలోని రిమోట్ చూపించి టీవీ ఆపించింది. నల్లటి తెర ముందు నిలబడి, స్టూడియోలో నిలబడ్డట్టు, ఒక చేత్తో చెవి మీద లేని డొప్పను అదిమి పట్టుకుంది. పెదవులు కదిలాయి.

చప్పుడు లేదు. మెడ దగ్గర గుడ్డ లోపలికీ బయటికీ ఊగుతోంది, అంతే. ముందు కొడుకును తిట్టింది, అది తెలిసింది. తర్వాత బర్రె మెడ నిమిరింది. తర్వాత ఆగింది. తల కొంచెం వాల్చి ఒకే ఒక్క మాట అంది. ఆ మాటే అని నాకు తెలుసు, ఆమె కళ్లు నా మీదే ఉన్నాయి. నేను ఆమె పెదవులను మింగేసేలా చూశాను. మొదట బిడ్డా అన్నది అందింది. మిగతాది అందలేదు. ఆమె కన్నీళ్లు పెట్టుకోలేదు. ఆమె ఏడిస్తే అలాగే ఏడుస్తుంది, కన్నీళ్లు లేకుండా, కోపంగా. నేను ఆ రోజు చెప్పింది నిజమే.

అయిపోయాక చెవి మీంచి చెయ్యి తీసింది. చిన్నవాళ్లు ముందు చెప్పాలన్న షరతు మరిచిపోయి నేనే వేలెత్తాను. 

"నిలిచిందత్తా."

ఆమె తల అడ్డంగా ఊపింది. దగ్గరికి వచ్చి నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. నా బొటనవేలును అరచేతిలోకి మడిచి, మిగతా వేళ్లు ఒక్కొక్కటే దాని మీద మూసి, పిడికిలి చేసి నా ఒళ్లో పెట్టింది. తర్వాత తన చోటికి వెళ్లి కూర్చుని, టీవీ పెట్టమని తమ్ముడికి సైగ చేసింది. ఆ శుక్రవారం కూడా ఏదో కొత్తది వచ్చింది.